పాత డబుల్ బ్యారెల్ తుపాకీ సవరించడానికి సరైన పనిముట్టు ఏది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పేదంతా 1870ల నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా బర్మింగ్‌హామ్‌లోనూ లండన్‌లోనూ తయారైన, రెండు గొట్టాలు పక్కపక్కనే ఉండే 12 బోర్ తుపాకీల గురించి. మన దేశంలో పాత కుటుంబాల దగ్గర మిగిలినవాటిలో ఇవి చాలానే ఉన్నాయి. కలకత్తాలోని రోడా, మాంటన్ లాంటి దుకాణాలు అప్పట్లో ఇంగ్లండ్ నుంచి తెప్పించి, సొంత పేరు చెక్కించి అమ్మేవి. అందుకే గొట్టం మీద కలకత్తా పేరున్నా తుపాకీ పుట్టింది చాలాసార్లు బర్మింగ్‌హామ్‌లోనే. వీటిలో ప్రతి స్క్రూనూ ఒక పనివాడు చేత్తో అమర్చాడు. అది పాడైతే బజారులో ఇంకొకటి దొరకదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఎందుకో అర్థమవుతాయి.

తుపాకీని సరిచేయించాలి. ముందు ఏ పనిముట్టు కొనాలి?

ముందు కొలిచేవి కొనండి, విప్పేవి తర్వాత. "సరిచేయాలి" అని వచ్చేవాళ్లలో చాలామందికి అసలు లోపం ఎక్కడుందో తెలియదు. గొట్టాలు వదులయ్యాయా, ట్రిగ్గర్ మరీ తేలికైందా, స్ప్రింగ్ బలం తగ్గిందా, లేక పాత నూనె గడ్డకట్టి బంకలా పట్టేసిందా? ఈ చివరిదే ఎక్కువసార్లు కనిపిస్తుంది. దానికి విప్పడం దాకా వెళ్లక్కర్లేకపోవచ్చు.

ఒక మంచి టార్చ్, ఒక ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పల్చటి రేకుల కట్ట), ఒక వెర్నియర్ కాలిపర్, 12 బోర్ స్నాప్ క్యాప్‌లు రెండు. మొదలుపెట్టడానికి ఇవి చాలు. స్నాప్ క్యాప్ అంటే మందు లేని ఉత్తుత్తి తూటా, వెనక మెత్తటి దిండు ఉంటుంది. ఖాళీ చాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) మీద ట్రిగ్గర్ నొక్కితే స్ట్రైకర్ (తూటాను పొడిచి పేల్చే సూది) ముక్కు విరిగే ప్రమాదముంది, దీన్ని పెడితే ఆ దెబ్బ దిండు మీద పడుతుంది.

ఏ పని మొదలుపెట్టినా ముందు తుపాకీ తెరిచి, రెండు చాంబర్లూ కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, ఖాళీ అని నిర్ధారించుకోండి. పక్కవాళ్లు చూశామన్నా సరే మళ్లీ చూడండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు.

ఇంట్లో ఉన్న స్క్రూ డ్రైవర్ ఎందుకు పనికిరాదు? అదీ చదునుగానే ఉంటుంది కదా?

చదునుగానే ఉంటుంది, కానీ దాని మొన చీలికలా ఉంటుంది. చివర సన్నగా, పైకి పోయే కొద్దీ మందంగా. ఫ్యాన్లు, స్విచ్ బోర్డులు విప్పడానికి అలా చేస్తారు, ఎందుకంటే ఒకే డ్రైవర్ రకరకాల గాడుల్లో పట్టాలి. అలాంటి మొన తుపాకీ స్క్రూ గాడిలో పెడితే అడుగు దాకా దిగదు. గాడి పైఅంచుల దగ్గరే ఇరుక్కుంటుంది. తిప్పినప్పుడు బలమంతా ఆ రెండు అంచుల మీదే పడి డ్రైవర్ పైకి ఎగదన్నుతుంది. అది జారిందంటే గాడి అంచు నలుగుతుంది, పక్కనున్న నగిషీ మీద గీత పడుతుంది. వందేళ్ల నాటి చెక్కడం మీద పడిన గీతను తీసేయాలంటే చుట్టూ ఉన్న లోహం కూడా అరగదీయాలి, అంటే చెక్కడం కూడా పోతుంది.

ఇంగ్లిష్ తుపాకీల్లో గాడి ఇంకా సన్నం. ఒక మిల్లీమీటరు కన్నా బాగా తక్కువ ఉంటుంది. మంచి తుపాకీల్లో స్క్రూ తలల మీద కూడా నగిషీ ఉంటుంది, బిగించాక గాడులన్నీ గొట్టం పొడవు వెంట ఒకే దిక్కుకు నిలుస్తాయి. అది యాదృచ్ఛికంగా వచ్చేది కాదు. స్క్రూ పూర్తిగా బిగిసే సరికి గాడి సరిగ్గా ఆ దిక్కుకు వచ్చేలా పనివాడు చూసుకుంటాడు. అందుకే ఒక తుపాకీని కొనే ముందు నేను మొదట చూసేది స్క్రూ తలలనే. గాడులు వంకరగా, అంచులు నలిగి ఉన్నాయంటే, తెలియని చేతులు లోపలికి వెళ్లొచ్చాయని అర్థం. గొట్టం ఎంత మెరుస్తున్నా నాకు ఆ తుపాకీ మీద నమ్మకం తగ్గుతుంది.

ఈ తుపాకీలకు కావలసింది మొన రెండు పక్కలా సమాంతరంగా ఉండే డ్రైవర్, లేదా హాలో గ్రౌండ్ మొన. హాలో గ్రౌండ్ అంటే మొనకు కాస్త పైన రెండు పక్కలా లోపలికి గుంటగా సాన పట్టినది. రెండూ గాడి అడుగు దాకా దిగి, గోడలకు నిండుగా ఆనుతాయి.

నా తుపాకీకి ఏ సైజు కావాలో ఎలా తెలుస్తుంది?

ఒక్క సైజు సరిపోదు. ఒకే తుపాకీలో మూడు నాలుగు రకాల గాడులు ఉండటం మామూలే. ట్రిగ్గర్ గార్డ్ కింద ఒకటి, లాక్ (పేల్చే యంత్రాంగం) ప్లేటుకు ఒకటి, గొట్టాల కింద ఉండే ముందు చెక్కకు ఇంకొకటి.

గాడి మందం ఫీలర్ గేజ్‌తో చూడండి. ఏ రేకు ఊగకుండా, బలవంతం లేకుండా అడుగు దాకా దిగుతుందో అదే మీ కొలత. వెడల్పుకు స్క్రూ తల వ్యాసం కాలిపర్‌తో కొలవాలి. డ్రైవర్ మొన తల వ్యాసానికి సమానంగానో వెంట్రుకవాసి తక్కువగానో ఉండాలి. ఎక్కువైతే, ముఖ్యంగా తల లోహంలోకి దిగి ఉన్న చోట, తిరిగేటప్పుడు చుట్టూ ఉన్న అంచును గీకుతుంది. మరీ తక్కువైతే బలం గాడి మధ్యలోనే పడి మొన మెలితిరుగుతుంది. కొలతలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి, ఎక్కడి స్క్రూకు ఏ కొలతో పేరుతో సహా.

కొనాలా, తయారు చేసుకోవాలా?

కొనేవాళ్లకు అమెరికాలో బ్రౌనెల్స్ అమ్మే మాగ్నా-టిప్ బిట్లు, గ్రేస్ కంపెనీ డ్రైవర్లు బాగా తెలిసిన రకాలు. అక్కడుండే మనవాళ్లకు సులభంగా దొరుకుతాయి. అయితే అవి ఎక్కువగా అమెరికన్ తుపాకీల వెడల్పు గాడులకు సరిపోతాయి. ఇంగ్లిష్ గాడికి బిట్ కొన్నా చివర్లో కాస్త అరగదీసుకోవలసి వస్తుంది. అందుకే నా సలహా: మంచి ఉక్కుతో చేసిన ఒక సాదా డ్రైవర్ కొని, మొనను మీ స్క్రూకు తగినట్టు మలుచుకోండి. ఇంగ్లండ్ పనివాళ్లు చేసిందీ అదే. ఒక్కో స్క్రూకు ఒక్కో డ్రైవర్, చెక్క పిడితో, వరుసగా బల్ల మీద.

ఇలా చేయాలి. డ్రైవర్‌ను వైస్‌లో నిలువుగా బిగించి, సన్నపళ్ల చదును ఆకురాయితో ఒక పక్క నాలుగు తోపులు, తిప్పి ఇంకో పక్క నాలుగు తోపులు. ఒకే పక్క అరగదీస్తూ పోతే మొన మధ్యనుంచి తప్పుకుంటుంది. మొన చివరి నుంచి పైకి కనీసం గాడి లోతుకు రెండింతలు సమాంతరంగా రావాలి. కాలిపర్‌తో చివర ఒకసారి, పైన ఒకసారి కొలవండి. రెండూ ఒకటే రావాలి. గాడి కొలతకు కొంచెం ఎక్కువ ఉండగానే ఆకురాయి ఆపేసి, మిగిలింది నూనె సానరాయి మీద తీయండి. తీస్తూ, గాడిలో పెట్టి చూస్తూ, మళ్లీ తీస్తూ. సరిగ్గా కుదిరితే డ్రైవర్‌ను గాడిలో నిలబెట్టి చెయ్యి వదిలినా పడిపోదు. చివరి అంచు నలుచదరంగా ఉంచండి, గుండ్రంగా చేయకండి.

గ్రైండర్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. మొన నీలిరంగుకు తిరిగిందంటే ఉక్కు పదును దిగిపోయినట్టే. అలాంటిది మొదటి గట్టి స్క్రూకే మెలితిరుగుతుంది. పక్కన నీళ్ల డబ్బా పెట్టుకుని, రాయి తగిలిన ప్రతిసారీ ముంచండి. చేతి ఆకురాయితో చేస్తే ఈ టెన్షన్ ఉండదు. అన్ని డ్రైవర్లూ గట్టి ఉక్కువి కావు, ఆకురాయి వెన్నలో దిగినట్టు దిగితే ఆ డ్రైవర్ పక్కన పెట్టేయండి.

డ్రైవర్ సరిగ్గా కుదిరింది, అయినా స్క్రూ కదలడం లేదు. ఏం చేయాలి?

ఆగాలి. ఎండిన నూనె, తుప్పు కలిసి వందేళ్లుగా పట్టుకుని ఉన్నదాన్ని ఒక్క సాయంత్రంలో విప్పాలనుకోవడమే చాలా స్క్రూలను చెడగొడుతుంది.

తుప్పు వదిలించే పెనెట్రేటింగ్ ఆయిల్‌ను స్ప్రే చేయకండి. సూది మొనతో ఒక్క చుక్క స్క్రూ తల అంచున పెట్టండి. ఒక రోజు వదిలేసి మళ్లీ ఒక చుక్క. స్ప్రే చేస్తే నూనె చెక్కలోకి ఇంకుతుంది. లోహానికి ఆనుకుని ఉన్న వాల్‌నట్ చెక్క నూనె పీల్చి నల్లబడి మెత్తబడటం ఈ తుపాకీల్లో అతి సాధారణమైన జబ్బు. మెత్తబడిన చెక్క వెనక్కి వచ్చే దెబ్బను తట్టుకోలేక చీలుతుంది.

నూనెకు లొంగకపోతే వేడి. సోల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ తల మీద కాసేపు ఆనించి ఉంచండి, వేడికి వ్యాకోచించి, చల్లారేటప్పుడు ముడుచుకుని, పట్టు సడలుతుంది. గ్యాస్ మంట మాత్రం వద్దు. యాక్షన్ (గొట్టాలు వచ్చి మూసుకునే ఉక్కు దిమ్మ) మీద కనిపించే నీలం, గోధుమ రంగుల మబ్బుల్లాంటి మెరుగు మంట తగిలితే పోతుంది, మళ్లీ అలా తేవడం చాలా పెద్ద పని.

దానికీ రాకపోతే డ్రిల్ ప్రెస్. ప్లగ్ తీసేసి, చక్‌లో మీ బిట్ బిగించి, తుపాకీని మెత్తటి దవడల వైస్‌లో కదలకుండా నిలిపి, హ్యాండిల్‌తో బిట్‌ను గాడిలోకి గట్టిగా అదిమి పట్టి, చక్‌ను చేత్తో తిప్పాలి. కిందికి అదిమే బలం, తిప్పే బలం విడిపోతాయి కాబట్టి బిట్ ఎగదన్నదు. దీనికి మాత్రం గన్‌స్మిత్ బల్లే సరైన చోటు.

సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ బైకు ఇంజన్లకు పనికొస్తుంది. ఇక్కడ దాని ఊసే వద్దు.

గొట్టాలు ఆనే చోట, స్ట్రైకర్ చుట్టూ గుండ్రటి బిళ్ల, దానికి రెండు చిన్న రంధ్రాలు ఉన్నాయి. ఇదేం స్క్రూ?

దాని వెనక స్ట్రైకర్ ఉంటుంది. లాక్ మొత్తం విప్పకుండానే స్ట్రైకర్ మార్చుకోవడానికి ఆ బిళ్ల. దీనికి రెండు కొమ్ముల తాళం కావాలి. చాలామంది ముక్కు పట్టకారు రెండు కాళ్లూ ఆ రంధ్రాల్లో పెట్టి తిప్పుతారు, అది జారి బిళ్ల మీద అర్ధచంద్రాకారంలో గీతలు పడతాయి. రంధ్రాల వ్యాసం, వాటి మధ్య దూరం కొలిచి, ఒక ఉక్కు కడ్డీ చివర రెండు కొమ్ములు మిగిలేలా లేత్ పనివాడి దగ్గర చేయించుకోవచ్చు. తుపాకీ చూపించక్కర్లేదు, కొలతలు ఇస్తే చాలు.

నాది బాక్స్‌లాకా, సైడ్‌లాకా?

చెక్క పక్కల్లో ఆకు ఆకారపు పొడవాటి లోహపు రేకులు ఉంటే చాలావరకు సైడ్‌లాక్. వాటి వెనకే యంత్రాంగం ఉంటుంది. కొన్ని బాక్స్‌లాక్‌లకు అందం కోసం అలాంటి ఉత్తి రేకులు పెట్టారు. వాటి మీద లోపలి భాగాల ఇరుసుల చివరలు కనిపించవు, దాన్నిబట్టి గుర్తుపట్టవచ్చు.

బాక్స్‌లాక్‌లో యంత్రమంతా మధ్యలోని ఉక్కు దిమ్మలో ఇమిడి ఉంటుంది. వెస్ట్లీ రిచర్డ్స్ కంపెనీలో పనిచేసిన ఆన్సన్, డీలీ 1875లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. ఈనాటికీ పక్కపక్క గొట్టాల తుపాకీల్లో ఎక్కువ భాగం దీని మీదే నడుస్తున్నాయి. బాక్స్‌లాక్ లోపలికి యజమాని వెళ్లాల్సిన అవసరం దాదాపు రాదు. గొట్టాలు విడదీశాక ట్రిగ్గర్లు నొక్కకండి. నొక్కితే హ్యామర్లు (లోపల దెబ్బ కొట్టే భాగాలు) దిగిపోయి, గొట్టాలు తిరిగి ఎక్కించడం కష్టమవుతుంది.

సైడ్‌లాక్ ప్లేట్ తీయడానికి, లోపలి స్ప్రింగ్ విప్పడానికి ఏం కావాలి?

ప్లేట్ తీయడానికి సరిగ్గా కుదిరిన డ్రైవరే. ఎడమ ప్లేట్ మీది పెద్ద స్క్రూ చెక్కలోంచి అవతలి ప్లేట్ దాకా వెళ్తుంది. దాన్ని పూర్తిగా తీయకుండా కొన్ని చుట్లు వదులు చేసి, తల మీద డ్రైవర్ చెక్క పిడితో మెల్లగా తడితే అవతలి ప్లేట్ దానంతట అది పైకి వస్తుంది. ప్లేట్ అంచు కింద డ్రైవర్ దూర్చి మీటకూడదు. మీటినచోట చెక్క పెచ్చు ఊడుతుంది, ఆ పెచ్చు కనబడకుండా అతికించగలిగేవాళ్లు తక్కువ. ఏ స్క్రూ ఎక్కడిదో ఒక అట్టముక్క మీద తుపాకీ బొమ్మ గీసి, బెజ్జాలు పెట్టి, వాటిలోనే గుచ్చి ఉంచండి. చూడటానికి ఒకేలా ఉన్న రెండు స్క్రూలు కూడా ఒకదాని చోట ఇంకొకటి సరిపోవు.

స్ప్రింగ్ సంగతి వేరు. పెద్ద స్ప్రింగ్ రెండు కాళ్ల చీలికలా ఉంటుంది. దాన్ని అదిమి పట్టడానికి మెయిన్‌స్ప్రింగ్ క్లాంప్ అని ప్రత్యేకమైన చిన్న వైస్ ఉంది. లాక్ ఎక్కుపెట్టి ఉండగానే క్లాంప్ తగిలించి, ఆ స్థితిలోనే స్ప్రింగ్‌ను పట్టి ఉంచి, అప్పుడు హ్యామర్ దించితే స్ప్రింగ్ వదులుగా చేతికి వస్తుంది. అవసరానికి మించి ఒక్క చుట్టు బిగించినా విరగవచ్చు. పట్టకారుతో నొక్కితే గీత పడుతుంది, కొన్నాళ్లకు స్ప్రింగ్ ఆ గీత దగ్గరే విరుగుతుంది. లేదా చేతిలోంచి ఎగిరి కంటికి తగులుతుంది. కళ్లద్దాలు లేకుండా ఈ పని ఎవరూ చేయకూడదు.

మూసినా గొట్టాలు కొంచెం ఊగుతున్నాయి. ఏ స్క్రూ బిగించాలి?

ఏ స్క్రూ బిగించినా అది పోదు. గొట్టాలు తిరిగే ఇరుసు, దానికి ఆనే కొక్కెం అరిగితే వచ్చే లోపం ఇది. ముందు చెక్క తీసేసి, తుపాకీ మూసి, స్టాక్ (భుజానికి ఆనించే చెక్క) పట్టుకుని మెల్లగా కుదపండి. ముందు చెక్క ఉంటే దాని స్ప్రింగ్ బలం లోపాన్ని దాచేస్తుంది. గొట్టాల వెనక అంచుకూ యాక్షన్ ముఖానికీ మధ్య ఫీలర్ గేజ్ రేకు దూరుతోందా చూడండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సందు కంటికే కనబడవచ్చు.

సరైన వైద్యం ఇరుసు మార్చడం, లేదా కొక్కేనికి లోహం చేర్చి మళ్లీ అమర్చడం. కొక్కేన్ని సుత్తితో సాగగొట్టి బిగించే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. కొన్నాళ్లకు మళ్లీ వదులవుతుంది, అప్పటికి కొక్కెం ఆకారం కూడా పోయి ఉంటుంది. అలా చేస్తామన్నవాళ్లకు తుపాకీ ఇవ్వకండి. ఊగే తుపాకీని సరిచేసేదాకా పేల్చకండి.

ట్రిగ్గర్ బరువు నేనే సవరించుకోవచ్చా?

కొలుచుకోండి, సవరించకండి. కొక్కెం ఉన్న స్ప్రింగ్ త్రాసుతో కొలవవచ్చు, స్నాప్ క్యాప్‌లు పెట్టి. ముందు ట్రిగ్గర్ తుపాకీ బరువులో సుమారు సగం, వెనకది దానికన్నా కాస్త ఎక్కువ ఉండాలన్నది పాత ఆనవాయితీ. మూడు కిలోల తుపాకీకి ముందుది కిలోన్నర అన్నమాట. బాగా తక్కువ వస్తే, లేదా ఒక గొట్టం పేలినప్పుడు రెండోది కూడా పేలుతుంటే, లోపల సియర్ (హ్యామర్‌ను ఎక్కుపెట్టి ఆపి ఉంచే మీట) ముక్కు అరిగి ఉండవచ్చు. ఆ ముక్కును సానరాయితో రుద్దే కోణంలో వెంట్రుకవాసి తేడా వస్తే తుపాకీ చేతిలోంచి జారినా పేలుతుంది. తన మీద ఎంత నమ్మకం ఉన్నా యజమాని అస్సలు ముట్టుకోకూడని చోటు ఇది అంటాను.

ఇప్పటి తూటాలు పాత తుపాకీలో పడుతున్నాయి. వాడవచ్చా?

పడటం వేరు, సరిపోవడం వేరు. పాత ఇంగ్లిష్ తుపాకీల చాంబర్ ఎక్కువగా రెండున్నర అంగుళాలు, మిల్లీమీటర్ల లెక్కలో దీన్ని 65 అంటారు. ఇప్పుడు ఎక్కువగా దొరికేవి 70 మిల్లీమీటర్ల తూటాలు. తూటా మీద రాసే పొడవు పేలి, మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. పేలకముందు మూతి ముడిచి ఉంటుంది కాబట్టి చిన్న చాంబర్లో కూడా చక్కగా దిగుతుంది. పేలినప్పుడు విచ్చుకోవడానికి చోటు లేక దారి ఇరుకవుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. దీన్ని తేల్చేది చాంబర్ గేజ్, మెట్లు మెట్లుగా ఉండే చిన్న లోహపు కడ్డీ. పాత తుపాకీ ఉన్న ప్రతి ఇంట్లో ఇది ఉండాలి.

దాంతోపాటు గొట్టాల అడుగున ప్రూఫ్ గుర్తులు చూడండి. లండన్ గన్‌మేకర్ల కంపెనీకి 1637లో రాజు నుంచి అధికార పత్రం వచ్చింది, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో ఏర్పడింది. ఇంగ్లండ్‌లో అమ్మే ప్రతి గొట్టాన్నీ అక్కడ ఎక్కువ మందుతో పేల్చి పరీక్షించి ముద్ర వేసేవారు. కిరీటం కింద ఎన్‌పి లేదా బిఎన్‌పి అక్షరాలుంటే పొగ రాని కొత్త రకం మందుకు పరీక్షించారని అర్థం. అవి లేకపోతే, గన్‌స్మిత్ చూసి తేల్చేదాకా, అది బ్లాక్ పౌడర్ (పొగ వచ్చే పాత మందు) కాలపు తుపాకీ అనే అనుకోండి, ఇప్పటి తూటా పెట్టకండి. ముద్ర పడిన తర్వాత గొట్టం లోపల ఎంత అరిగిందో, ఎంత పాలిష్ చేశారో ఆ ముద్ర చెప్పదు. 12 అని ముద్ర ఉన్న గొట్టం లోవ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లతో మొదలవుతుంది. అది 18.8కి చేరితే ఇంగ్లండ్ లెక్కలో ఆ ప్రూఫ్ చెల్లదు. గొట్టం గోడ మందం కొలిచే గేజ్ వేరే ఉంటుంది, మంచి గన్‌స్మిత్‌ల దగ్గరే దొరుకుతుంది.

గొట్టాల మధ్య పట్టీ ఊడిందేమో అని అనుమానం. ఎలా తెలుస్తుంది?

గొట్టాలు విడదీసి, కింది కొక్కెం దగ్గర వేలికి వేలాడదీసి, చెక్క పిడితో మెల్లగా తట్టండి. గంటలా మోగి, మోత కాసేపు నిలిస్తే పట్టీ బాగుంది. డబ్ మని ఆగిపోతే ఎక్కడో సోల్డర్ వదిలింది. ఈ పట్టీలు సీసం, తగరం కలిసిన మెత్తటి సోల్డర్‌తో అతికినవి. అందుకే గొట్టాలకు మరిగే ఉప్పు ద్రావణంలో నల్లరంగు వేయించకూడదు, సోల్డర్‌ను అది తినేస్తుంది. మెలికల గీతలుండే డమాస్కస్ గొట్టాలకైతే మరీ ప్రమాదం. వీటికి తుప్పు పట్టించి, ఉడికించి, రుద్ది రంగు తెచ్చే పాత పద్ధతే సరి.

ఇదంతా ఇంట్లో చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా?

మన దేశంలో తుడవడం, నూనె వేయడం యజమాని పని. మరమ్మతును వృత్తిగా చేయాలంటే 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ ఉండాలి. కాబట్టి లోపలి భాగాల పని లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌తోనే చేయించండి, రసీదు దాచుకోండి. గొట్టం పొట్టి చేయడానికి 6వ సెక్షన్ ప్రకారం వేరే లైసెన్స్ కావాలి, మూతి పగిలిందని రంపంతో కోయడం నేరం. "ఇది వందేళ్లది, పురాతన వస్తువు, లైసెన్స్ అక్కర్లేదు" అని కొందరు చెబుతారు. 45వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్నవాటికి మాత్రమే. తాతగారి తుపాకీ పేలగలిగేదైతే దాని వయసు ఎంతైనా లైసెన్స్ కావాలి, ఆయన పోయాక వారసులు తమ పేరు మీదికి మార్చుకోవాలి. 2019 సవరణ తర్వాత ఒక్కొక్కరి దగ్గర మామూలుగా రెండు తుపాకీలకు మించి ఉండకూడదు. అమెరికాలో ఉన్నవాళ్లకు లెక్క వేరు. అక్కడి ఫెడరల్ చట్టం 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవాటినే పురాతనమంటుంది, ఆపైన రాష్ట్రాల నియమాలుంటాయి.

ఎన్నికలప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు. తిరిగొచ్చేసరికి తుప్పు పడుతోంది.

ఇచ్చే ముందు రోజు గొట్టాల లోపల, బయట పల్చగా గన్ ఆయిల్ పట్టించండి. యాక్షన్ సందుల్లో ఒక్కో చుక్క చాలు. తోలు సంచిలో పెట్టి ఇవ్వకండి, తోలు తేమ పీలుస్తుంది. నూలు గుడ్డ సంచి మేలు. స్క్రూ తలలన్నింటినీ దగ్గర నుంచి ఫోటోలు తీసి, నంబరు కనబడేలా ఇంకో ఫోటో తీసి ఉంచుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే తెరిచి చూసుకోండి.

గన్‌స్మిత్ మంచివాడో కాదో ఎలా తెలుసుకోవాలి?

ఆయన డ్రైవర్లు చూపించమని అడగండి. మంచి పనివాడు మీ తుపాకీ గాడిలో డ్రైవర్ పెట్టి చూసి, కుదరకపోతే ముందు డ్రైవర్‌ను అరగదీస్తాడు. చాంబర్ గేజ్, గోడ మందం గేజ్ ఉన్నాయా అడగండి. స్టాక్ వంపు మార్చాలంటే ఎలా చేస్తారో అడగండి. చెక్కను వేడి నూనెతోనో దీపాల వేడితోనో మెత్తబరిచి, జిగ్‌లో బిగించి, చల్లారేదాకా వదిలేస్తామంటే పని తెలిసినట్టే. మీరు కొలిచి రాసుకున్న కాగితం ఆయనకు ఇవ్వండి. ఏ భాగం మార్చినా పాతది తిరిగి ఇవ్వమని ముందే చెప్పండి.